ఆకురాయి తిన్న మూడంకెలు

"ఆయన పారిపోయే మనిషే అయితే నాకు చెప్పి మరీ పారిపోయేవాడక్కా. చెప్పకుండా ఏ పనీ చెయ్యడం చేతకాదు ఆయనకి," అంది తాళాలాయన భార్య.

నిదానమ్మ ఆ మాట రాసుకోలేదు. రెండు రోజులుగా అందరూ చెప్పింది రాసుకుని రాసుకుని వేళ్లు నొప్పి పుట్టడమే తప్ప ఒరిగిందేమీ లేదు. బస్టాండులో చూడలేదన్నారు. రైల్వే కౌంటర్లో గుర్తులేదన్నారు. ఇన్‌స్పెక్టరైతే ఇంకో అడుగు ముందుకేసి, తాళాలాయన తన తాళాల నమూనాలు పోటీ కంపెనీకి అమ్ముకుని ఉడాయించాడని తేల్చి, నిన్న మధ్యాహ్నమే ఫైలు మూసేశాడు. ఆ ఇన్‌స్పెక్టరు వరసకి నిదానమ్మకి మరిది. బయటివాడైతే నాలుగు మాటలని ఊరుకోవచ్చు. మరిది కాబట్టి తిట్టడానికీ లేదు, ఊరుకోడానికీ లేదు.

ఆమె అసలు పేరు ఎవరూ వాడరు. పోలీసు కాకపోయినా, చేతిలో పెట్టుకున్న ఏ కేసులోనైనా అడిగిందే అడిగి, చూసిందే చూసి ప్రాణం తీస్తుందని ఆ పేరు పెట్టింది కూడా ఈ మరిదే.

"ముందురోజు రాత్రి భోజనం దగ్గర ఏం జరిగిందో మళ్లీ చెప్పు."

"మళ్లీనా?" తాళాలాయన భార్య కళ్లు తుడుచుకుంది. "కంచం ముందు కూర్చున్నాడు. వేలితో కంచంలో ఏవో అంకెలు గీశాడు. గీస్తూ గీస్తూ ఆగిపోయి, 'నేనెంత గాడిదనే!' అన్నాడు. నేను కాదనలేదు."

"తర్వాత?"

"మా పిల్లని పిలిచి, భాగహారం ఏ క్లాసులో నేర్పారే అని అడిగాడు. మూడో క్లాసులో అని అది చెప్పగానే తల పట్టుకున్నాడు. కంచం ముందునుంచి లేచిపోయాడు. మర్నాడు సాయంత్రం మ్యూజియానికి వెళ్లొస్తానని వెళ్లాడు. అంతే." ఆమె నిదానమ్మ చెయ్యి పట్టుకుంది. "మనిషి ఉన్నాడో లేడో ఒక్కటి చెప్పు అక్కా. ఉన్నాడంటే ఎన్నాళ్లయినా కూర్చుంటాను. ఇలా ఏదీ తెలియకుండా మాత్రం కూర్చోలేను."

నిదానమ్మ గోడ వైపు తిరిగింది. వాళ్లు కూర్చున్న కార్ఖానా గోడకి నిలువెత్తు చెక్క ఉంది. ప్రతి పనిముట్టుకీ దాని వెనక అదే ఆకారంలో నల్లరంగు గీత. ఏది ఎక్కడిదో అక్కడే ఉండాలి. నిన్న కూడా చూసిందే ఆ గోడ. కానీ నిన్న అక్కడ కిటికీ రెక్క తెరిచి ఉండి, చెక్కలో సగం దాని వెనక పడింది. ఇవాళ గాలికి రెక్క మూసుకుంది. నల్లగీత ఒకటి ఖాళీగా కనిపించింది.

"అదేమిటి, అక్కడ ఖాళీ?"

"ఆకురాయి. ఇనుమూ ఇత్తడీ అరగదీసేది. చదునుది, సన్నపళ్లది." తాళాలాయన భార్య దగ్గరికొచ్చి చూసింది. "ఆయన తీసుకెళ్లుంటాడు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు."

"నమూనాల కాయితాలు?"

"అన్నీ బీరువాలోనే ఉన్నాయి. పోలీసాయనకి తీసి చూపిస్తే, నకళ్లు పట్టుకుపోయుంటాడులే అన్నాడు."

రెండు రోజుల్లో మొదటిసారి నిదానమ్మ చేతికి ఏదో తగిలినట్టయింది. నమూనాలు అమ్ముకునేవాడు నమూనాలు పట్టుకెళ్తాడు. ఒక్క ఆకురాయి చేత్తో పట్టుకుని ఏ దేశం పారిపోతాడు?

"పైట సర్దుకుని నాతో రా," అంది. "మ్యూజియం హాల్లో కూర్చుందువుగాని. ఇంట్లో ఒక్కదానివీ కూర్చుని ఏడవకు."

* * *

మ్యూజియం నేలమాళిగలో పాతకాలపు పతకాలూ రాళ్లూ దాచే ఉక్కుగది ఉంది. దానికి తలుపు చేసింది తాళాలాయనే. ఆ గదికి ఇద్దరు కాపుదారులు. ఒకాయన పెద్ద క్యూరేటరు. వారం క్రితం గుండె ఆపరేషను జరిగి ఆసుపత్రిలో స్పృహ వస్తూ పోతూ ఉన్నాడు. రెండో ఆయన చిన్న క్యూరేటరు. నిదానమ్మ మెట్లు దిగేసరికి అతను తలుపు ముందే ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, పక్కన చిన్న సూట్‌కేసు. ఎదురుగా మరిది ఇన్‌స్పెక్టరు ఏదో కాయితం మీద సంతకం పెట్టించుకుంటున్నాడు.

"వదినా! ఇంట్లో పొయ్యి వెలిగించే పని లేదా ఇవాళ?"

"మీ అన్నయ్య వెలిగిస్తున్నాడు. నీ ఫైలు మూసేశావటగా, నువ్వెందుకొచ్చావు?"

"ఇది వేరే పని. చిన్న క్యూరేటర్ గారు నెల రోజులు సెలవు మీద వెళ్తున్నారు. కాపుదారు ఊరు దాటితే తన సగం నంబరు స్టేషనులో అప్పగించి వెళ్లాలని ఇక్కడి నిబంధన. అప్పగించారు." ఇన్‌స్పెక్టరు జేబు తట్టుకున్నాడు. "సరిచూసి మరీ తీసుకున్నాను."

"ఎలా సరిచూశావు?"

ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూనే చూపించాడు. తలుపుకి ఎడమ వైపు నాలుగు అంకెల చక్రాలు, కుడి వైపు నాలుగు. ఎడమ చక్రాల మీద చిన్న క్యూరేటరు నంబరు తిప్పితే ఆ వైపు గడియ టక్‌మని లోపలికి జారుతుంది. కుడి వైపు పెద్దాయన నంబరు కూడా పడితే గానీ తలుపు కదలదు. ఇన్‌స్పెక్టరు ఎడమ చక్రాలు తిప్పాడు. టక్‌మంది. పిడి పట్టి లాగాడు. ఊడలా పాతుకుని ఉంది తలుపు.

"చూశావుగా? ఇద్దరుంటేనే తెరుచుకుంటుంది. ఒకాయన వారంగా మంచం మీద. అంటే వారంగా ఈ తలుపు తెరుచుకోలేదు. మీ తాళాలాయన గురించి ఇక్కడ వెతకడం దండగ."

నిదానమ్మ వినడం లేదు. రెండు చక్రాల వరసలకీ నడుమ, కాస్త ఎత్తున, అరచేయంత ఇత్తడి పలక ఉంది. దాని మీద కొట్టిన అంకెలు: 4, 0, 2, 6, 8. ఆ తర్వాత అంకెలున్నచోట ఏమీ లేదు. ఇత్తడి అక్కడ పల్లంగా, పచ్చిగా మెరుస్తోంది. ఆమె వేలు తడిచేసి తలుపు కింది గాడిలో రాసి చూసింది. వేలికి పసుపుపచ్చ పొడి అంటింది.

"ఇది ఎవరి పని?"

"తాళాలాయనదేనండి," అన్నాడు చిన్న క్యూరేటరు, తొణక్కుండా. "మొన్న సాయంత్రం వచ్చారు. పలక బాగాలేదు, కొత్తది వేస్తానని గీకడం మొదలుపెట్టారు. మూడంకెలు గీకాక ఏదో గుర్తొచ్చిందని ఆపేసి, వెనక గేటు నుంచి వెళ్లిపోయారు. నిన్నే చెప్పాను మీకు."

"వెళ్లాడని చెప్పారు. గీకాడని చెప్పలేదు."

"మీరు అడగలేదు."

అదీ నిజమే. రెండు రోజుల చిరాకంతా నిదానమ్మ దవడల్లో బిగుసుకుంది. తలుపు ముందు నించుని తలుపు గురించి తప్ప అన్నీ అడిగింది నిన్న.

"మధ్యలో వదిలేశాడా? పనిముట్టు గీత దాటి పెడితే నిద్రపట్టని మనిషి, అయిదంకెలు మిగిల్చి, పొడి కూడా ఊడ్చకుండా వెళ్లిపోయాడా?"

"మేధావులండీ. మనలాంటి వాళ్లకి అర్థం కారు."

"ఈ అంకెలేమిటి?"

చిన్న క్యూరేటరు మ్యూజియం చూడ్డానికొచ్చిన వాళ్లకి చెప్పినట్టు చెప్పాడు. "ఎనిమిదంకెల సంఖ్య ఉండేది. పెద్దాయన నంబరునీ నా నంబరునీ గుణిస్తే వచ్చే లబ్ధం. రెండూ ప్రధాన సంఖ్యలు. అంటే వాటిని ఒకటి తప్ప ఇంకే చిన్న సంఖ్యా భాగించదు. కాబట్టి ఆ పెద్ద సంఖ్యని మా రెండు నంబర్లుగా తప్ప ఇంకోలా విడగొట్టడం కుదరదు. మా ఇద్దరికీ ఒకేసారి ఏమన్నా అయితే గది శాశ్వతంగా మూతపడకూడదని పలక కొట్టారాయన. ఓపిగ్గా వందల భాగహారాలు చేస్తే ఎప్పటికో దొరుకుతుందట. దొంగకి అంత తీరిక ఎక్కడిది? అదీ ఆయన గొప్ప." నవ్వాడు. "ఇప్పుడు పాపం ఆ సంఖ్యా లేదు."

"దొంగకి తీరిక లేదు, సరే," అంది నిదానమ్మ. "మరి మీకు?"

"నాకేంటి?"

నిదానమ్మ మళ్లీ పలక వైపు చూసింది. కంచంలో వేలితో గీసి ఆగిపోయిన చెయ్యి కళ్లముందు కదిలింది. మూడో క్లాసు. భాగహారం. ఆ తాళాలాయనలాంటి వాళ్లు చేసే తప్పే ఇది. పెద్ద సంఖ్యని విడగొట్టడం ఎంత కష్టమో అని మురిసిపోతూ, దాన్ని తీసుకెళ్లి సగం చేతిలో ఉన్నవాడి కళ్లెదురుగానే మేకులు కొట్టి తగిలించాడు. సగం తెలియనివాడికి అది వందల భాగహారాలు. సగం తెలిసినవాడికి ఒక్కటే.

"మరిదీ," అంది. "పలక మీద సంఖ్యని నీ జేబులో నంబరుతో భాగిస్తే ఏమొస్తుంది?"

ఇన్‌స్పెక్టరు జేబులోంచి కాయితం తీశాడు. "రెండోది... రెండో నంబరు వస్తుంది."

"అంటే ఈ తలుపుకి ఇద్దరు కాపుదారులు ఎప్పుడూ లేరు. ఇద్దరిలో ఎవరికి భాగహారం వస్తే వాళ్లే కాపుదారు. తాళాలాయనకి ఆ రాత్రి తట్టింది ఇదే. అందుకే ఆకురాయి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, తన పలక తనే చెరిపేద్దామని. ఈయన ముందే కనిపెట్టి తలుపు తెరుచుకుంటున్నాడని పాపం ఆయనకి తెలియదు."

చిన్న క్యూరేటరు మొహంలో రంగు ఒక్క క్షణం ఎక్కడికో పోయి వచ్చింది. "కట్టుకథ. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి. నాకు లెక్కలు రావు."

"అందుకే మీ నంబరు అంత ధైర్యంగా అప్పగించారు. మూడంకెలు పోయాయి, ఇంక దేన్ని భాగిస్తార్లే అనుకున్నారు."

"మరి నిజమే కదా వదినా!" ఇన్‌స్పెక్టరు తేరుకున్నాడు. మరిదిగా కాస్త మెత్తబడినవాడు ఇన్‌స్పెక్టరుగా మళ్లీ బిగుసుకున్నాడు. "నీ మాటే ఒప్పుకుందాం. లేని సంఖ్యని ఎలా భాగిస్తావు? మూడంకెలంటే సున్నా సున్నా సున్నా నుంచి తొమ్మిదొందల తొంభైతొమ్మిది దాకా ఏదైనా కావచ్చు. వెయ్యి సంఖ్యలు. ఆయన రైలు పోతుంది, నా డ్యూటీ అయిపోతుంది, నీ భాగహారాలు మాత్రం అవ్వవు."

"తలుపు కోయించు."

"కోసే మంటకి పతకాలు కరిగిపోతాయి! ఎవరి సంతకంతో కోయించను, నీ సంతకంతోనా? పెద్దాయనకి స్పృహ రానీ."

"ఆయన బయటికి వెళ్లనే లేదు, ఈ తలుపు వెనకే ఉన్నాడు. అప్పటికి లోపలి మనిషి..."

"లోపల మనిషున్నాడని ఎవరన్నారు? నీ ఆకురాయి అందా?"

నిదానమ్మకి తలుపుని తన్నాలనిపించింది. తెలిసీ చెయ్యలేకపోవడం తెలియకపోవడం కంటే అన్యాయం. వెయ్యి సంఖ్యలు. ఒక్కోదాన్నీ భాగిస్తూ కూర్చుంటే నిజంగానే తెల్లారుతుంది. పైన హాల్లో ఆయన భార్య కూర్చునుంది, ఉన్నాడో లేడో ఒక్కటి చెప్పమని.

"ఆ నంబరు చదువు," అంది కసిగా.

"వదినా..."

"చదువు!"

"నాలుగు వేల ఏడు వందల ఎనభై మూడు."

నాలుగు వేల ఏడు వందల ఎనభై మూడు. ఆమె పెదాలు కదిలాయి. ఈ నంబరు ఎక్కం చెప్పుకుంటూ పోతే, ఒక్కో అడుగూ అంత దూరం పడుతుంది. గీకేసిన మూడంకెల చోట పట్టేది ఎంత? వెయ్యి. నాలుగు వేలకి పైగా చాచి అడుగేసేవాడు వెయ్యి వెడల్పున్న చాప మీద ఎన్నిసార్లు కాలు పెట్టగలడు?

"ఒక్కసారి," అంది పైకే.

"ఏమిటి ఒక్కసారి?"

"మరిదీ, నీకు సుద్దముక్క ఉందా? లేదులే, నా దగ్గరే ఉంది." బ్యాగులోంచి బట్టల మీద కొలతలు గీసుకునే సుద్ద తీసి, ఉక్కు తలుపు మీదే రాయడం మొదలుపెట్టింది. "వెయ్యి సంఖ్యల్లో నీ నంబరుతో నిశ్శేషంగా పోయేది ఒక్కటంటే ఒక్కటే ఉంటుంది. రెండోది ఉండాలంటే వాటి మధ్య దూరం నాలుగు వేల ఏడు వందల ఎనభై మూడు కావాలి. వెయ్యిలో అంత చోటు లేదు. కాబట్టి మూడంకెలూ నాకు అక్కర్లేదు. నేనే పుట్టిస్తాను."

పోయిన మూడంకెల చోట మూడు సున్నాలు పెట్టింది. నాలుగు కోట్ల రెండు లక్షల అరవై ఎనిమిది వేలు. కింద గీత గీసింది. ఎనిమిదిసార్లు తీసేసింది, తర్వాత నాలుగు, ఒకటి, మళ్లీ ఎనిమిది. సుద్ద ఉక్కు మీద కీచుమంటోంది. చిన్న క్యూరేటరు మెట్ల వైపు ఒక అడుగేశాడు. ఇన్‌స్పెక్టరు చూడకుండానే చెయ్యి చాచి అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఎనిమిది వేల నాలుగు వందల పద్దెనిమిది, శేషం నాలుగు వేల ఏడు వందల ఆరు," అని చదివింది నిదానమ్మ. "నిండు అడుగుకి ఎంత తక్కువ?"

ఇన్‌స్పెక్టరు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "డెబ్బై ఏడు."

"ఆ డెబ్బై ఏడే ఆకురాయి తినేసింది. సున్నా, ఏడు, ఏడు. అది కలిపితే ఇంకొక అడుగు పూర్తవుతుంది. ఎనిమిది వేల నాలుగు వందల పంతొమ్మిది. కుడి వైపు తిప్పు."

"వదినా, పెద్దాయన అనుమతి లేకుండా..."

"తెరుచుకోకపోతే అనుమతితో పని లేదు. తెరుచుకుంటే అప్పుడు అడుగుదాం."

ఇన్‌స్పెక్టరు ఒక చేత్తో క్యూరేటర్ని పట్టుకునే, రెండో చేత్తో కుడి చక్రాలు తిప్పాడు. ఎనిమిది. నాలుగు. ఒకటి. తొమ్మిది.

టక్.

నిదానమ్మ రెండు చేతులా పిడి పట్టి లాగింది. తలుపు బరువుగా, చప్పుడు లేకుండా, చేసినవాడి పనితనం తెలిసేలా కదిలింది. లోపల్నుంచి చెమటా చెడ్డగాలీ కలిసిన వేడి మొహానికి కొట్టింది. టార్చి వెలుగులో ముందు ఖాళీ అరలు కనిపించాయి, పతకాలుండాల్సిన చోట ఉత్త మఖమలు గుంటలు. తర్వాత, నేల మీద, చొక్కా విప్పి తల కింద పెట్టుకుని పక్కకి తిరిగి పడుకున్న మనిషి. కణత దగ్గర నెత్తురు నల్లగా ఎండిపోయి ఉంది.

ఆమె పరిగెత్తి మోకాళ్ల మీద కూలబడింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. చాలాసేపు ఏమీ తగల్లేదు. తర్వాత సన్నగా, వేడిగా తగిలింది.

"ఉన్నాడు," అంది. ఆ మాట పైన హాల్లో ఉన్నామెకి చెబుతున్నట్టే అంది. "మరిదీ, ఉన్నాడు!"

"కానిస్టేబుల్! డాక్టర్ని పిలువు! పరిగెత్తు!" ఇన్‌స్పెక్టరు మెట్ల పైకి అరిచాడు. పైన బూట్ల చప్పుడు దూరమైంది. తాళాలాయన గొంతులోంచి గురకలాంటి చప్పుడొచ్చి ఆగింది. మళ్లీ రాలేదు.

"ఊపిరి ఆగుతోంది," అంది నిదానమ్మ. భుజాలు పట్టి లేపబోయింది. మనిషి కదల్లేదు. "నువ్వు అక్కడే ఉండు, ఎలాగో లాక్కొస్తాను."

"ఏం లాక్కొస్తావు వదినా, నీ వల్ల అవుతుందా?" రెండు రోజులుగా ఈ మనిషిని పారిపోయినవాడన్నది తనే. ఆ సిగ్గంతా కాళ్లలోకి వచ్చినట్టు ఇన్‌స్పెక్టరు ఒక్క అంగలో లోపలికి దూకి, తాళాలాయన చంకల కింద చేతులు వేశాడు.

నిదానమ్మ చూసింది ఆ చేతుల్ని. రెండూ ఖాళీగా ఉన్నాయి.

"వాణ్ణెందుకు వదిలావురా!"

ఆమె లేచేసరికి తలుపు సగం మూసుకుపోయింది. గుమ్మందాకా వచ్చేసరికి నాలుగు వేళ్ల సందు మిగిలింది. ఆ సందులో చిన్న క్యూరేటరు మొహం. కోపం లేదు, కంగారు లేదు. లెక్క సరిపోయినవాడి మొహంలా ఉంది. సందు మూసుకుంది. ఉక్కు అవతల, ఎక్కడో చాలా దూరంగా, ఎనిమిది చక్రాలూ గిర్రున తిరుగుతున్న చప్పుడు.

ఇన్‌స్పెక్టరు భుజంతో తలుపుని గుద్దాడు. ఒకసారి, రెండుసార్లు.

"ఆపు. గాలి ఖర్చు చెయ్యకు," అంది నిదానమ్మ.

టార్చి వెలుగులో తాళాలాయన కళ్లు సగం తెరుచుకున్నాయి. తెరిచిన తలుపులోంచి వచ్చిన గుక్కెడు గాలి ఆయన్ని ఇంతలోనే కొంచెం వెనక్కి తెచ్చినట్టుంది.

"ఎవరు?"

"మీ ఆవిడ పంపితే వచ్చాను."

"తలుపు... ఎలా తెరిచారు?"

"భాగహారంతో."

ఆయన ఎండిపోయిన పెదాలు నవ్వబోయి వణికాయి. "మూడంకెలు... లేకుండానే?"

"లేకుండానే."

"అయితే నంబర్లు రెండూ తెలుసుగా మీకు." ఆయన గొంతులో ఆశ లేచింది. "తెరవండి. ఇంటికి పోదాం."

ఇన్‌స్పెక్టరు వదిన మొహం చూసి తల దించుకున్నాడు. నిదానమ్మ టార్చి తలుపు మీదికి తిప్పింది. ఇవతలి వైపు పిడి లేదు, పలక లేదు. నున్నటి ఉక్కు మీద ముగ్గురి నీడలూ పడ్డాయి.

"తెలుసు నాయనా, రెండూ తెలుసు," అంది. "తిప్పాల్సిన చక్రాలే అవతల ఉన్నాయి."